చర్చి గోడకు ఫ్లెక్సీ, చంద్రగిరిలో శిల్పం: క్రైస్తవులు కళను ఎలా చూడాలి?

చెల్లెమ్మా, వందనాలు.

మీ ప్రశ్న చాలా పెద్దది కాబట్టి, చదివేవారి కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు తిరుపతిలో క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగారు, ఇప్పుడు చిత్రకళ చదువుతున్నారు. తోటి విద్యార్థులతో చంద్రగిరి రాజమహల్లోని మ్యూజియానికి వెళ్లి, అక్కడి రాతి విగ్రహాలు, కంచు విగ్రహాల ముందు మైమరచి నిలబడిపోయారు. ఇంటికి వచ్చాక తప్పు చేశానేమో అన్న శంక పట్టుకుంది. మీ సంఘ పెద్ద ఒకరు విగ్రహాన్ని మెచ్చుకున్నా మొక్కినట్టే అన్నారు. మీ అధ్యాపకుడేమో కళకు మతం లేదు, నీ నమ్మకాన్ని గేటు బయట వదిలి రా అన్నారు. ఇంతలో మీ చర్చిలో వేదిక వెనుక గోడకు యేసు ప్రభువు ఫ్లెక్సీ వేయించాలని అనుకున్నారు. అది మీకు నచ్చలేదు. కానీ ఆ మాట పైకి అంటే గర్వం అనుకుంటారని ఊరుకున్నారు. ప్రభువును నమ్మనివారు గీసిన బొమ్మలను ఇష్టపడవచ్చా అన్నది మీ చివరి సందేహం.

నేను ఈ ఊళ్లోనే డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మా సంఘంలో పెద్దగా కూడా ఉన్నాను. ఈ రెండు రకాల మాటలూ విని విని నాకు అలవాటే. విచిత్రమేమిటంటే, ఇద్దరిలో ఎవరి మాట విన్నా మీరు ఆ విగ్రహాన్ని సరిగా చూడలేరు. ఒకరు కళ్లు మూసుకోమంటున్నారు, ఇంకొకరు సగమే తెరవమంటున్నారు.

ముందు మీ అధ్యాపకుడి సంగతి చూద్దాం. కంచు ఉత్సవమూర్తి ఎప్పుడైనా కనిపిస్తే పీఠం వైపు వంగి చూడండి. చాలావాటికి పక్కల కడియాల్లాంటివో రంధ్రాలో ఉంటాయి. ఊరేగింపులో మూర్తి కదలకుండా కర్రలు దూర్చి కట్టడానికి పెట్టినవి అవి. కొన్నిటి ముఖం నున్నగా అరిగి ఉంటుంది. తరతరాల అభిషేకాలు, పసుపు, చేతుల రాపిడి దానికి కారణం. ముందు మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసిన శిల్పి దాన్ని మ్యూజియంలో గాజు పెట్టె కోసం చేయలేదు. ముఖం ఎన్ని పాళ్లు ఉండాలో, చేయి ఏ ముద్రలో ఉండాలో అతనికి శాస్త్రం చెప్పింది. ఆ మూర్తి ఎదుట దీపం వెలగాలని, జనం చేతులు జోడించాలని ఉద్దేశించి చేశాడు. ఇదంతా పక్కన పెట్టి గీత బాగుంది, తూకం బాగుంది అని మాత్రమే అంటే శిల్పి చెప్పదలచుకున్న దానిలో సగం వదిలేసినట్టే. కళకు మతం లేదన్న మాట వినడానికి ఉదారంగా ఉంటుంది కానీ, ఆ కంచు మూర్తి విషయంలో అది నిజం కాదు.

ఇక సంఘ పెద్ద సంగతి. ఆయన భయాన్ని కొట్టిపారేయకండి. మన ఊళ్లో చూడడమే ఒక పూజ. కొండ మీద జనం గంటల తరబడి క్యూలో నిలబడేది ఆ కొన్ని క్షణాలు కళ్లారా చూడడానికే. అలాంటి చోట పెరిగిన క్రైస్తవ పెద్ద చూపు దగ్గర జాగ్రత్త అనడంలో అర్థం ఉంది. కానీ ఆయన గీసిన గీత బైబిలు వాక్యం గీసినది కాదు. నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఏ రూపాన్నీ చేసుకుని దానికి సాగిలపడవద్దని ఆజ్ఞ ఉంది. అదే పుస్తకం 25వ అధ్యాయంలో మందసం అనే ఆజ్ఞల పెట్టె మీద బంగారు కెరూబులను, అంటే రెక్కలున్న దేవదూతల బొమ్మలను, చేయమన్న ఆజ్ఞ ఉంది. 31వ అధ్యాయంలో బెసలేలు అనే పనివాణ్ని పేరు పెట్టి పిలిచి, దేవుని ఆత్మతో నింపినట్టు చెబుతుంది. బంగారం, వెండి, ఇత్తడి పనులు, రత్నాలు చెక్కడం, చెక్క పని, ఇవీ అతనికి అప్పగించిన పనులు. ప్రవక్తగానో రాజుగానో కాకుండా, చేతిపనివాడిగా ఆత్మతో నింపబడిన మనిషి అతను. ప్రసంగాల్లో ఆ అధ్యాయాన్ని గబగబా దాటేస్తారు గానీ, మీలాంటివాళ్లు అక్కడే ఆగి చదవాలి.

దానితోపాటు రాజుల రెండవ గ్రంథం 18వ అధ్యాయం కూడా చదవండి. మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని హిజ్కియా రాజు ముక్కలు చేయించాడు. అది దేవుని ఆజ్ఞ ప్రకారమే తయారైన వస్తువు, ఒకప్పుడు ప్రాణాలు నిలిపిన వస్తువు. జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టాక రాజు దాన్ని పగలగొట్టించాడు. అంటే ప్రమాదం ఇత్తడిలో లేదు, దాని ఎదుట మనిషి చేసే పనిలో ఉంది. పవిత్రమైన పనికి చేసిన బొమ్మే విగ్రహం కాగలిగినప్పుడు, మన చర్చి గోడ మీది ఫ్లెక్సీకి మాత్రం ఆ ప్రమాదం లేదని ఎవరు చెప్పగలరు? మన ఇళ్లలో యేసు పటానికి బొట్టు పెట్టి, దండ వేసి, దీపం వెలిగించేవాళ్లు లేరా? మీ సంఘ పెద్ద అటువైపు కూడా ఒకసారి చూస్తే బాగుంటుంది.

పౌలు ఏథెన్సులో చేసిన పని నాకు ఈ విషయంలో ఎంతో ఇష్టం. అపొస్తలుల కార్యాలు 17వ అధ్యాయం. ఊరంతా విగ్రహాలతో నిండి ఉండడం చూసి ఆయన మనసు కలత పడింది. ఆ కలతతోనే వాటి మధ్య తిరిగాడు, పరికించి చూశాడు, ఒక బలిపీఠం మీద తెలియబడని దేవునికి అని చెక్కిన అక్షరాలు చదివాడు. దగ్గరికి వెళ్లి చూడనివాడికి ఆ అక్షరాలు కనిపించవు. ఆ తర్వాత వాళ్ల కవుల పంక్తినే ఎత్తుకుని తన మాట చెప్పాడు. మొక్కలేదు, పగలగొట్టలేదు, కళ్లు మూసుకోలేదు. కలతనూ శ్రద్ధనూ ఒకే మనిషి ఒకేసారి మోయవచ్చని ఆ అధ్యాయం చూపిస్తుంది. మ్యూజియంలో మీకు ఆనందమూ కలిగింది, ఇబ్బందీ కలిగింది అన్నారు. రెంటిలో ఒకదాన్ని చంపుకోనవసరం లేదు.

ఒక హద్దు మాత్రం చెబుతాను. పురావస్తు శాఖ మ్యూజియంలో ఉన్న శిల్పం వేరు, గుడిలో పూజలందుకుంటున్న మూర్తి వేరు. రెండో దాని ముందుకు స్కెచ్ పుస్తకం పట్టుకుని వెళ్లి ఇది నాకు కళాఖండం మాత్రమే అనుకోవడం మన విశ్వాసానికీ సరిపోదు, పక్కన చేతులు జోడించి నిలబడ్డ భక్తుడికీ మర్యాద కాదు. అతనికి అది దేవుడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు మాంసం గురించి చెప్పింది ఇక్కడ బాగా వర్తిస్తుంది. అంగడిలో అమ్మేదాన్ని విచారణ చేయకుండా తినండి, ఎవరైనా ఇది బలి అర్పించినది అని చెబితే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినవద్దు అన్నాడు. పక్కింటివారు లడ్డూ తెచ్చిపెట్టినప్పుడల్లా మన సంఘాల్లో ఇదే అధ్యాయం తెరుస్తారు. లడ్డూ దాకా వచ్చిన ఆలోచన బొమ్మల దాకా ఎందుకు రాలేదో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. మన తెలుగు సంఘం చెవికి శిక్షణ ఇచ్చింది గానీ కంటికి ఇవ్వలేదు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి తరం నుంచి మన కవులు ఆ రాగాల్లో, ఆ తాళాల్లో, యతిప్రాసలు చూసుకుని ప్రభువును పాడారు. ఆ రాగాలు ఎక్కడ పెరిగాయి? గుళ్లలో, భజన గోష్ఠుల్లో, రాజాస్థానాల్లో. అన్నమయ్య కీర్తనలు పుట్టిన ఊళ్లో కూర్చుని మనం అవే రాగాల్లో యేసును స్తుతిస్తున్నాం. ఎవరి మనస్సాక్షీ నొచ్చుకోదు. పైగా ఆదివారం ఎవరైనా శ్రుతి తప్పితే ముందు వరసలో పెద్దల ముఖాలు ఎలా మారతాయో మీరు చూసే ఉంటారు. ప్రభువు పాటే కదా, ఎలా పాడితే ఏం అని ఎవరూ అనరు. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం యేసయ్య బొమ్మే కదా, ఏదైతే ఏం అంటారు. శ్రుతి తప్పిన పాటను గుర్తుపట్టడం గర్వం కానప్పుడు, శ్రుతి తప్పిన బొమ్మను గుర్తుపట్టడం గర్వం ఎలా అవుతుంది?

కాబట్టి ఆ ఫ్లెక్సీ మీకు నచ్చకపోవడం పాపం కాదు. ఎందుకు నచ్చలేదో చెప్పగలగడం మాత్రం మీ బాధ్యత. మీరు వర్ణించిన బొమ్మ నాకు తెలుసు. గెత్సేమనే తోటలో బండ మీద చేతులు జోడించి, పైకి చూస్తూ మోకరించిన యేసు. మన ఇళ్లలో క్యాలెండర్ల మీద సగం ఆ బొమ్మే. జర్మన్ చిత్రకారుడు హైన్రిక్ హాఫ్మన్ 1886లో వేశాడు. మిగతా సగం వార్నర్ సాల్మన్ అనే అమెరికా చిత్రకారుడు 1940లో వేసిన యేసు ముఖం, బంగారు వెలుగులో ఒక పక్కకు తిరిగి ఉంటుందే, అది. దాని ప్రతులు యాభై కోట్లకు పైగా అచ్చయ్యాయంటారు. హాఫ్మన్ చేతకానివాడేమీ కాదు, గుడ్డ మడతలు, వెలుగు చక్కగా పట్టుకున్నాడు. ఇప్పుడు లూకా 22వ అధ్యాయం పక్కన పెట్టుకుని చూడండి. మోకాళ్లూని ప్రార్థించాడని లూకా రాశాడు కాబట్టి ఆ భంగిమలో తప్పు లేదు. కానీ వేదనపడి, చెమట రక్తబిందువుల్లా నేల మీద పడుతుండగా అన్న మాట ఆ బొమ్మలో ఎక్కడ ఉంది? జుట్టు దువ్వినట్టుంది. వస్త్రం మీద మరక లేదు. ఈ గిన్నె తొలగించు అని అడుగుతున్న మనిషిలా లేడు, ఫొటో తీయించుకుంటున్నవాడిలా ఉన్నాడు. ఆ ఫ్లెక్సీవారు దాని మీద ఇంకా నీలి కాంతులు, ఎగిరే పావురం, మూల నుంచి కిరణాలు చేర్చి ఉంటారు. మూలంలో ఉన్న కాస్త నిశ్శబ్దం కూడా అక్కడితో పోతుంది.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో ధ్యానించవలసిన వాటి జాబితా ఉంది కదా. చాలామంది అందులో పవిత్రమైనవి, రమ్యమైనవి అన్న మాటల దగ్గర ఆగిపోయి, క్రైస్తవ కళ అంటే తియ్యగా, మెత్తగా ఉండాలనుకుంటారు. జాబితా మొదలయ్యేది సత్యమైనవాటితో. మన బైబిలే ఎంత కఠినమైన పుస్తకమో చూడండి. న్యాయాధిపతుల గ్రంథం 19వ అధ్యాయం ఏ ఆదివారమైనా బల్ల మీద నుంచి చదివారా? యెషయా 53 ప్రభువుకు సురూపం గానీ సొగసు గానీ లేదంటుంది. మనం గోడకు తగిలించేది సొగసు తప్ప ఇంకేమీ లేని యేసును.

దీనికి ఎదురుగా మథియాస్ గ్రూనెవాల్డ్ వేసిన సిలువ చిత్రం ఒకటి ఫోనులో పెద్దది చేసి చూడండి. 1512–1516 మధ్య ఐసెన్‌హైమ్‌లోని ఒక సన్యాసుల మఠం కోసం వేశాడు. ఇప్పుడు ఫ్రాన్సులో కోల్మార్ పట్టణంలోని మ్యూజియంలో ఉంది. ఆ మఠానికి ఆసుపత్రి ఉండేది. బూజు పట్టిన రై ధాన్యం తిని ఒళ్లు కాలిపోతున్నట్టు బాధపడి, కాళ్లూ చేతులూ కుళ్లి పోగొట్టుకునే రోగులను అక్కడ చూసుకునేవారు. చిత్రంలో యేసు ఒళ్లంతా ముళ్లు గుచ్చుకుని పుండ్లు. చర్మం పచ్చగా మారిపోయింది. మేకులు దిగిన అరచేతుల నుంచి వేళ్లు విచ్చుకుని బిగుసుకుపోయాయి. అడ్డదూలం బరువుకు వంగింది. దాన్ని భోజనాల గదిలో పెట్టుకోవాలని ఎవరికీ అనిపించదు. కానీ పుండ్లతో పడుకున్న రోగి తల ఎత్తి చూస్తే, తన ఒంటి మీద ఉన్నది ప్రభువు ఒంటి మీదా కనిపించింది. ఎవరి కోసం, ఎక్కడ పెట్టడానికి, ఏ అవసరానికి అన్న ప్రశ్నలు వేయకుండా ఆ బొమ్మ విలువ కట్టలేం.

వికారంగా ఉంటేనే నిజం అని మాత్రం అర్థం చేసుకోకండి. ఈ మధ్య కుర్రవాళ్లలో ఆ మూఢనమ్మకం కూడా కనిపిస్తోంది. రెంబ్రాంట్ చివరి రోజుల్లో, 1668 ప్రాంతంలో వేసిన తప్పిపోయిన కుమారుడి చిత్రం రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. మెత్తని చిత్రమే. కొడుకు గుండు, చిరిగిన బట్టలు, ఒక కాలి నుంచి జారిపోయిన చెప్పు, మనవైపు తిరిగిన అరికాలు. ఎంత దూరం నడిచాడో ఆ అరికాలే చెబుతుంది. తండ్రి రెండు చేతులూ కొడుకు వీపు మీద ఉన్నాయి. పరికించి చూస్తే ఆ రెండూ ఒక్కలా ఉండవు, ఒకటి వెడల్పుగా గట్టిగా, ఇంకొకటి సన్నగా మెత్తగా ఉంటుంది. కుడివైపు ఒక మనిషి నిటారుగా నిలబడి చూస్తూ ఉంటాడు. అతను ఇల్లు వదలకుండా ఉండి, తమ్ముణ్ని తండ్రి చేర్చుకున్నాడని అలిగిన పెద్దకొడుకే అనుకుంటే, చిత్రం సగం అతని గురించే అని తెలుస్తుంది. ఆదివారం ఆదివారం చర్చికి వచ్చే నాబోటివాళ్లు ముందు చూడవలసింది అతన్నే.

బొమ్మను ఎలా చూడాలని అడిగారు కాబట్టి ఒక పద్ధతి చెబుతాను. మొదటి పావుగంట భక్తి మాటలు, విమర్శ మాటలు రెండూ పక్కన పెట్టండి. గోడ మీద ఏముందో అదే చెప్పుకోండి. చేయి ఎక్కడ ఉంది, వెలుగు ఎటు నుంచి వస్తోంది, ఖాళీ ఎక్కడ వదిలాడు. ఆ తర్వాత చేతిపని నిజాయితీగా ఉందా, కష్టమైన చోట దొంగపని చేశాడా చూడండి. మన పిల్లలు కాళ్లు గీయడం రాక గడ్డి మొలిపించినట్టు, పెద్ద చిత్రకారులకూ దాక్కునే చోట్లుంటాయి. లోకం గురించి, మనిషి గురించి ఈ బొమ్మ ఏమంటోంది, ఆ మాట నిజమా అన్నది అప్పుడు అడగాలి. మీ విశ్వాసం పనిచేయవలసింది ఇక్కడ. చేతిపని గొప్పగా ఉండి చెప్పేది అబద్ధం కావచ్చు. చెప్పేది వాక్యమే అయి చేతిపని నాసిరకం కావచ్చు. ఒకదాని మార్కులు తీసి రెండోదానికి వేయకూడదు.

నమ్మనివారి బొమ్మల సంగతి నాకు పెద్ద చిక్కుగా అనిపించదు. సొలొమోను కట్టించిన యెరూషలేము దేవాలయంలో ఇత్తడి పని హీరాము చేశాడు. అతని తండ్రి ఇశ్రాయేలీయుడు కాడు, తూరు దేశస్థుడు. మ్రానులు నరకడంలో సీదోనీయులంతటి పనివాళ్లు మాలో లేరని సొలొమోనే ఒప్పుకున్నాడు. మన దేశంలో జామినీ రాయ్ (1887–1972) క్రైస్తవుడు కాడు, అయినా బెంగాలీ పటచిత్రాల గీతలో, పెద్ద పెద్ద కళ్లతో ఆయన వేసిన క్రీస్తు బొమ్మలు మన క్యాలెండర్ల కన్నా ఎక్కువ భక్తిగా ఉంటాయి. నమ్మినవాడని పేరున్న ఇటలీ చిత్రకారుడు కారవాజ్జియో 1606లో ఒక మనిషిని చంపి రోమ్ వదిలి పారిపోయాడు. అందుకని అతను వేసిన మత్తయి పిలుపు చిత్రంలో వెలుగు ఆరిపోలేదు. ఒక మనిషిని చంపించిన దావీదు కీర్తనలు పాడుకునే మనకు ఇది కొత్తగా చెప్పనవసరం లేదు. బతికున్న కళాకారుడు ఎవరినైనా హింసిస్తుంటే అతని బొమ్మ కొనాలా వద్దా అన్నది వేరే ప్రశ్న, అది డబ్బు ఎవరికి చేరుతుందన్న ప్రశ్న.

తెలుగువారిలో పి. సొలొమోన్ రాజు (1921–2019) గారి పనిని వెతికి చూడండి. లూథరన్ బోధకుడు, విజయవాడలో సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమం స్థాపించారు. మైనం అద్ది రంగు వేసే బాతిక్ గుడ్డలు, చెక్క అచ్చుల బొమ్మలు చేశారు. ఆయన యేసు మన పల్లె మనుషుల మధ్య, పేదవాళ్ల మధ్య కనిపిస్తాడు. గోడ గురించి మీ సంఘంతో మాట్లాడేటప్పుడు ఆయన పేరు పనికొస్తుంది. ఇది ఎక్కడి నుంచో దిగిన కొత్త వింత కాదు, మన బోధకుడే చేసిన పని అని చెప్పవచ్చు.

ఇక గోడ. ఫ్లెక్సీ వద్దు అని ఊరికే అనకండి, దాని బదులు ఏమిటో చూపించండి. నా సలహా శ్రీకాళహస్తి కలంకారీ. మన పక్క ఊరి పని, కలంతో చేత్తో గీసేది. కథను వరసలు వరసలుగా గళ్లలో చెప్పడం దాని అలవాటు కాబట్టి ఉపమానాలకు అతికినట్టు సరిపోతుంది. క్రీస్తు కథలు గీసిన కళాకారులు అక్కడ ఉన్నారు. నేను చూసిన ఒక గుడ్డలో కడరా భోజనం ఉంది. బల్ల లేదు, అందరూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు, ఎదురుగా విస్తళ్లు. ప్రభువును పట్టిచ్చిన యూదా ఒక్కడి విస్తరి ఖాళీగా ఉంది. ఆ కళాకారుడు హిందువు. ఆ ఖాళీ విస్తరి ఆలోచన నాకు తెలిసిన ఏ ప్రసంగంలోనూ రాలేదు.

ఆ పని ఎలా జరుగుతుందో ఒకసారి వెళ్లి చూడండి. నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలో కొవ్వు ఉండడం వల్ల గీసిన గీత పక్కకు పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన ద్రావణంతో గీస్తే, అది కరక్కాయ వగరుతో కలిసి గుడ్డ మీదే నల్లబడుతుంది. అది చెరపడానికి కుదరని గీత. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత రంగులో ఉడికిస్తారు. మధ్య మధ్య పారే నీటిలో ఉతుకుతారు. ఈ ఓపిక అంతా గుడ్డలో కనిపిస్తుంది, మీ సంఘంవారికి అది చెప్పండి.

గుడ్డ వల్ల ఇంకో సౌకర్యం ఉంది. బొమ్మ చూస్తే మనసు నొచ్చుకునేవారు సంఘంలో ఉంటే దాన్ని దించవచ్చు, చుట్టి పెట్టవచ్చు. వాళ్లను వెనకబడినవారని తీసిపారేయకండి. వాళ్లలో కొందరు విగ్రహాలు వదిలి వచ్చినవారు, వాళ్ల జ్ఞాపకాలు మీకు లేవు. వాళ్లు ప్రభువు ముఖమే వద్దంటే గోధుమ కంకులు, ద్రాక్ష తీగ, దేవాలయ స్తంభాల మీద ఉన్నట్టు దానిమ్మ పండ్లు, కలువ పువ్వులు గీయించండి. అదీ వద్దంటే ఆ ఏటి వాగ్దాన వాక్యం ఒక్కటే మంచి అక్షరాలతో రాయించండి. ఏటా అందరం రాయించేదే, కానీ నీడలు, మెరుపులు పెట్టి మూడు రంగుల్లో ఉబ్బిన అక్షరాలు చూసి చూసి నాకు విసుగొచ్చింది. తెలుగు అక్షరానికి ఉన్న గుండ్రదనం, తలకట్టు, పంక్తుల మధ్య వదలవలసిన చోటు చూసుకుని ఒకే రంగులో రాసినా గోడ నిండుతుంది. అది మీరే చేయగలరు.

కలంకారీకే ఒప్పుకుంటే ధర, గడువు ముందే కాగితం మీద రాసుకోండి, సగం డబ్బు ముందే ఇవ్వండి. చర్చి పని కదా తగ్గించండి అని అడగవద్దు. సహజ రంగులు కాబట్టి నేరుగా ఎండ తగిలే గోడ పనికిరాదు. గోడ వెడల్పు, ఎత్తు, కిటికీలు ఏ వైపు ఉన్నాయో రాయండి, గుడ్డ ఎంత తీసుకోవాలో, గళ్లు ఎలా విభజించాలో ఒక చిత్తుపటం గీసి పెడతాను.